సన్న స్టాటిక్ రోపు ఎంచుకోవడం: తూకం, బకెట్, పది లీటర్ల నీళ్ళు

శనివారం తెల్లారుజామున బెంగళూరు మెజెస్టిక్‌లో మాగడి బస్సు ఎక్కుతుంటే కండక్టర్ నా వీపు మీది సంచిని తట్టి, "ఏనిదు, అక్కి మూటేనా?" అన్నాడు. బియ్యం మూట కాదుగానీ ఆ బరువూ ఆ బొజ్జా చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. లోపల కొండ ఎక్కి దిగడానికి వాడే 60 మీటర్ల పదిన్నర మి.మీ. స్టాటిక్ రోపు, హార్నెస్ (నడుముకి కట్టుకునే పట్టీలు), కారబినర్లు (మూతపడే లోహపు కొక్కేలు), మూడు లీటర్ల నీళ్ళు, పెరుగన్నం డబ్బా. సావనదుర్గ దగ్గర దిగి కొండ పాదం చేరేసరికే భుజాలు పట్టేశాయి. ఆ వారమే సన్న రోపు కొనాలని తీర్మానించుకున్నాను.

కొన్నాను కూడా. మి.మీ. అంకె ఒక్కటే చూసి, తొమ్మిది అని కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే అది తాడులా లేదు, కరెంటు తీగలా ఉంది. ముడి వేస్తే ముడి నోరు తెరుచుకుని చూస్తోంది. చుట్ట చుడితే స్ప్రింగులా లేచి కూర్చుంటోంది. బరువు కిలోకి కాస్త తక్కువగా తగ్గింది నిజమే, సంచి మాత్రం దాదాపు మునుపటంత లావే. ముందే ఇంట్లో ఓ బకెట్, ఓ తూకం యంత్రం పెట్టుకుని చూసుంటే ఆ డబ్బు మిగిలేది. అందుకే ఇప్పుడు ఏ రోపునైనా ఎలా పోల్చి చూస్తానో వరసగా రాస్తున్నాను. రాపెల్లింగ్ (తాడు మీద దిగడం), జుమారింగ్ (తాడును పట్టే జుమార్ పరికరంతో పైకెక్కడం) ఇప్పటికే నేర్చుకున్నవాళ్ళ కోసం ఇది. ముడులు కూడా రానివాళ్ళు ముందు ఎవరి దగ్గరైనా చేతులతో నేర్చుకోండి, ఇది చదివి కొండ మీదికి వెళ్ళొద్దు.

ముందు, ఈ తాడు దేనికి కాదో

స్టాటిక్ రోపు సాగదు. సరిగ్గా చెప్పాలంటే చాలా తక్కువ సాగుతుంది: యూరప్ ప్రమాణం ఈఎన్ 1891 ప్రకారం 50 కిలోల బరువును 150 కిలోలకు పెంచితే సాగుదల 5 శాతం దాటకూడదు. పైన తాడు లేకుండా ముందుగా ఎక్కే లీడ్ క్లైంబింగ్‌కి వాడే డైనమిక్ రోపు సంగతి వేరు. దాని ప్రమాణం ఈఎన్ 892 పరీక్షలో మొదటిసారి బరువు పడినప్పుడు 40 శాతం దాకా సాగొచ్చు. పడినవాడి వేగాన్ని మింగేది ఆ సాగుదలే. స్టాటిక్ రోపు మీద లీడ్ చేసి పడితే ఆ దెబ్బంతా నడుముకీ, తాడు కట్టిన ఆధారమైన యాంకర్‌కీ పోతుంది. బరువు తక్కువని సన్న స్టాటిక్‌ను లీడ్‌కి వాడదామన్న ఆలోచన వస్తే అక్కడే ఆపండి. దిగడానికి, పైన కట్టి ఉంచిన ఫిక్స్‌డ్ లైన్ మీద జుమార్‌తో ఎక్కడానికి, సామాను పైకి లాగడానికి, తాడు పైనుంచి వేసే టాప్‌రోప్ యాంకర్‌ను అంచు దాకా పొడిగించడానికి ఇది పనికొస్తుంది.

ఇంకోటి. ఎస్పీ రోడ్డులోనూ చిక్కపేటలోనూ కిలో లెక్కన అమ్మే రంగురంగుల తాళ్ళు ఎంత గట్టిగా కనిపించినా ఈ లెక్కలోకి రావు. అవి మూట కట్టడానికి. మనం మాట్లాడుకునేది కెర్న్‌మ్యాంటిల్ రోపు, అంటే బరువు మోసే కోర్ లోపల, దాన్ని కాపాడే అల్లిక షీత్ పైన.

మొదటి అడుగు: లేబుల్‌లో మి.మీ. కాక మిగతావన్నీ చదవండి

ఈఎన్ 1891 కిందికి వచ్చే రోపులు 8.5 నుంచి 16 మి.మీ. దాకా ఉంటాయి. వాటిలో టైప్ ఎ, టైప్ బి అని రెండు. టైప్ ఎ కనీసం 22 కిలోన్యూటన్లు (ఒకటంటే సుమారు వంద కిలోల బరువు) మోయాలి, టైప్ బి 18. ఎనిమిది అంకె ముడి వేశాక ఎ 15, బి 12 కిలోన్యూటన్లను మూడు నిమిషాలు నిలబెట్టాలి. ఆ తర్వాత, ఎంత పొడవు తాడుంటే అంత ఎత్తు నుంచి బరువును అయిదుసార్లు పడేసి చూస్తారు. ఎ కి 100 కిలోలు, బి కి 80 కిలోలు. సన్న రోపుల్లో చాలావరకు టైప్ బి యే. బి ని వాడేటప్పుడు రాపిడి, కోత, అరుగుదల విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలని ఆ ప్రమాణమే చెబుతుంది. దుకాణంలో ఆ మాట ఎవరూ చెప్పరు. రోపు చివర అంటించిన పట్టీ మీద ఎ నో బి నో అక్షరం, దాని పక్కన మి.మీ. ఉంటాయి, చూసుకోండి.

8.5 కంటే సన్నవి, ముఖ్యంగా 6 మి.మీ. తాళ్ళు, ఈ ప్రమాణంలోకి రావు. 4 నుంచి 8 మి.మీ. సహాయక తాళ్ళకు ఈఎన్ 564 అని వేరే ప్రమాణం ఉంది. దాని లెక్క తేలిక: మందాన్ని మందంతో గుణించి అయిదుతో భాగిస్తే కనీస బలం కిలోన్యూటన్లలో వస్తుంది. 6 మి.మీ. కి 7.2, 7 కి 9.8, 8 కి 12.8. ఇందులో ముడి పోను మిగిలేది ఇంకా తక్కువ. అసలు రోపును కిందికి లాగి తీసుకోవడానికి 6 మి.మీ. చక్కగా పనికొస్తుంది. దాని మీద మనిషి వేలాడటం వేరే విద్య, ఈ రాతలో దాని జోలికి వెళ్ళను.

లేబుల్‌లో ఇంకా చూడాల్సినవి: మీటరుకి గ్రాములు, మొత్తం బరువులో షీత్ శాతం, సాగుదల శాతం, తడిస్తే కుంచించుకుపోయే శాతం, ఏ ఏడాది తయారీ. సాగుదల దగ్గర ఓ తిరకాసుంది. అమెరికా రోపుల మీద సీఐ 1801 అని ఉంటే అక్కడి శాతం రోపు తెగే బలంలో పదో వంతు దగ్గర కొలిచింది. ఈఎన్ అంకె 50 నుంచి 150 కిలోల మధ్య కొలిచింది. రెండు శాతాల్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే గాడిద గుడ్డు తేలుతుంది.

రెండో అడుగు: కాగితం మీద లెక్క

మందం కొంచెం తగ్గితే బరువు చాలా తగ్గుతుంది. 11 నుంచి 9 కి దిగితే మందంలో తగ్గింది అయిదో వంతు కూడా కాదు, బరువులో మూడో వంతు పోతుంది. బరువు మందంతో కాదు, మందం వర్గంతో నడుస్తుంది మరి. నైలాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.14 గ్రాములు. రోపు లోపల పోగుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి నిండు నైలాన్ కడ్డీ బరువులో సుమారు 70 శాతమే తూగుతుంది. ఇదంతా కలిపితే నోటితో చేసుకోదగ్గ సూత్రం ఒకటి వస్తుంది: మందం వర్గాన్ని 0.63 తో గుణించండి, మీటరుకి గ్రాములు వస్తాయి.

11 మి.మీ.కి 76 గ్రాములు. పదిన్నరకి 69. పదికి 63. తొమ్మిదికి 51. ఎనిమిదిన్నరకి 45 చిల్లర. ఎనిమిదికి 40. ఆరుకి 23 లోపు.

ఈ సూత్రాన్ని అంచనా కోసం కన్నా అనుమానం కోసం ఎక్కువ వాడతాను. లేబుల్ మీద 9 మి.మీ. అని రాసి మీటరుకి 51 కి బదులు 46 అనుంటే, ఒకటి అల్లిక వదులుగా ఉండాలి, లేదా ఆ తొమ్మిది నిజంగా తొమ్మిది కాదు. 56 ఉంటే బిగుతుగా అల్లారు, లేదా షీత్ పాలియెస్టర్‌ది. పాలియెస్టర్ సాంద్రత 1.38, అంటే నైలాన్ కంటే బరువు. బదులుగా నీళ్ళు తక్కువ పీలుస్తుంది, తక్కువ సాగుతుంది. ఇద్దరు తయారీదార్ల "తొమ్మిది" ఒకటే తొమ్మిది కానక్కర్లేదు. వాళ్ళు పది కిలోల బరువు వేలాడదీసి, అది సాగి సన్నబడ్డాక కొలుస్తారు. మనం ఇంట్లో వెర్నియర్ పెట్టి కొలిస్తే మెత్తటి రోపు నలిగి సన్నగా, గట్టి రోపు లావుగా కనబడతాయి. నేను వెర్నియర్‌ను పక్కన పెట్టేసి ఏళ్ళయింది. గ్రాములు అంతగా అబద్ధమాడవు.

మూడో అడుగు: కొన్న రోజే తడపండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. కొత్త నైలాన్ స్టాటిక్ రోపు మొదటిసారి తడిసి ఆరినప్పుడు కుంచించుకుపోతుంది, మూడు నాలుగు శాతం మామూలు, కొన్ని అంతకంటే ఎక్కువ. కాబట్టి తూచడానికి ముందు తడపాలి. లేకపోతే మీరు పోల్చేది కొండ మీదికి వెళ్ళే రోపును కాదు, దుకాణంలో ఉన్న రోపును.

టబ్బులో మామూలు చల్లనీళ్ళు పోసి, రోపును వదులుగా వేసి, రాత్రంతా ఉంచండి. సబ్బు పొడి వద్దు, వేడినీళ్ళు వద్దు. పొద్దున తీసి నీడలో ఆరబెట్టండి. మాది మారతహళ్ళిలో మూడో అంతస్తు. జులైలో తడిపి వరండాలో దండెం మీద వేస్తే పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో బట్టలకి దండెం లేదు, అది వేరే గొడవ. మార్చిలో అయితే రోజున్నర చాలు.

ఆ గట్టిదాని తర్వాత కొన్న నా రెండో తొమ్మిది మి.మీ. రోపు, మెత్తటిది, దాని లెక్క చెబుతాను. లేబుల్ ప్రకారం 60 మీటర్లు, మీటరుకి 51 గ్రాములు, అంటే 3.06 కిలోలు ఉండాలి. టేపుతో కొలిస్తే 61.8 మీటర్లు వచ్చింది. కోసినవాడు ధారాళంగా కోశాడు. తడిపి ఆరబెట్టాక అదే రోపు 58.6 మీటర్లు, బరువు 3.17 కిలోలు. అంటే ఇప్పుడు మీటరుకి 54 గ్రాములు. లేబుల్‌తో పోలిస్తే మీటరుకి మూడు గ్రాముల తేడా, పైగా అది "60 మీటర్ల" రోపు కాకుండా పోయింది. 30 మీటర్ల రాపెల్‌కి రెండు పోగులుగా వేస్తే ఒక్కో వైపు 29.3 మీటర్లే. నేల అందడానికి 70 సెంటీమీటర్లు తక్కువ పడటం అంటే ఏమిటో, వేలాడుతూ తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

తడిసి ఉన్నప్పుడే, నీళ్ళు కారడం ఆగాక, ఒకసారి తూచి రాసుకోండి. నాది 4.4 కిలోలు తూగింది. జలపాతాల దగ్గర దిగేవాళ్ళు మోసేది ఆ బరువే.

నాలుగో అడుగు: తూకం

వంటింటి తూకం యంత్రం అయిదు కిలోల దాకా చూపిస్తే చాలు. లగేజీకి వాడే కొక్కెం కాటా అయితే యాభై గ్రాములు అటూ ఇటూ అంటుంది, పోలికకి అది పనికిరాదు. రోపు పట్టీ, సంచి, అట్ట అన్నీ తీసేసి రోపును మాత్రమే తూచండి. పొడవును టేపుతో విడిగా కొలిచి భాగించండి. రోపు చివర రెండు మీటర్లు కోసి తూచే తెలివితేటలు వద్దు.

అయిదో అడుగు: బకెట్

బరువు సంగతి లేబుల్ కొంతైనా చెబుతుంది. ఎంత చోటు తింటుందో ఏ లేబులూ చెప్పదు. దీనికి నేను పెయింట్ డబ్బా వాడతాను, ఇంటి రంగులకి వచ్చే 20 లీటర్ల తెల్ల డబ్బా. లీటరు సీసాతో ఒక్కొక్క లీటరే పోస్తూ, ప్రతిసారీ నీటి మట్టం దగ్గర మార్కర్‌తో బయట గీత గీయండి. ఇరవై గీతలు. నీళ్ళు పారబోసి బాగా తుడవండి.

ఇప్పుడు రోపును చుట్టకుండా, ఒక కొస నుంచి మొదలుపెట్టి చేతికి వచ్చినట్టు డబ్బాలోకి దింపండి, రోప్‌బ్యాగ్‌లోకి దింపినట్టే. అంతా పడ్డాక పైన ఓ స్టీలు పళ్ళెం, దాని మీద రెండు కిలోల కందిపప్పు పొట్లం పెట్టండి. సంచి తాళ్ళు లాగి బిగిస్తే పడే నొక్కుడు ఇంచుమించు అంతే ఉంటుంది. పళ్ళెం అడుగు ఏ గీత దగ్గరుందో చూడండి. ప్రతి రోపుకీ మూడేసిసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి. ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది.

నా దగ్గరున్నవి ఇలా వచ్చాయి. పదిన్నర మి.మీ. 60 మీటర్లు, 11.5 లీటర్లు. మెత్తటి తొమ్మిది, 8 లీటర్లు. మొదట కొన్న ఆ గట్టి తొమ్మిది, 10 లీటర్లు. ఆరు మి.మీ. సన్నతాడు 60 మీటర్లు, మూడున్నర లీటర్లు.

ఇందులో నాకు నచ్చే తమాషా ఒకటుంది. తొమ్మిది మి.మీ. రోపును మెలికల మధ్య ఖాళీయే లేకుండా పేర్చగలిగామనుకోండి, 60 మీటర్లకి సుమారు 3.8 లీటర్లే రావాలి, అదీ రోపు లోపలి గాలిని కలుపుకుని లెక్కేస్తే. డబ్బాలో అది ఎనిమిది లీటర్లు తింటోంది. అంటే మనం సంచిలో మోసేదాంట్లో సగానికి పైగా మెలికల మధ్య ఖాళీయే. ఆ ఖాళీని నిర్ణయించేది రోపు ఎంత చిన్న వంపు తిరగగలదన్నది, మందం కాదు. గట్టి తొమ్మిది మొండిగా పెద్ద పెద్ద వంపులు తిరిగి పదిన్నరకి లీటరున్నర దూరంలోకి వచ్చి కూర్చుంది. 25 లీటర్ల సంచిలో నీళ్ళు, తిండి, హార్నెస్ పోను మెత్తటి, గట్టి తొమ్మిదుల మధ్య ఆ రెండు లీటర్ల తేడాయే తేల్చేస్తుంది, రోపు సంచి లోపలో బయటో.

ఆరో అడుగు: పది లీటర్ల నీళ్ళు

ఆ మొండితనాన్ని కొలిచే పరీక్ష ప్రమాణాల్లోనే ఉంది, ఇంట్లోనూ చేయొచ్చు. రోపుకి మామూలు సాదా ముడి ఒకటి వేయండి. పది లీటర్ల నీళ్ళ క్యాన్‌ను ఒక నిమిషం వేలాడదీయండి. తీసేసి, లీటరు సీసా ఒకటి తగిలించి ఉంచండి. ఇప్పుడు ముడి మధ్యలో ఎంత బొక్క మిగిలిందో చూడండి. ప్రయోగశాలలో సన్నగా మొదలై లావెక్కే కడ్డీని దూర్చి కొలుస్తారు. మనకి పెన్సిలు, పెన్ను, మార్కర్ చాలు. ఆ బొక్క రోపు మందానికి 1.2 రెట్లు దాటకూడదని ఈఎన్ 1891 అంటుంది. నా మెత్తటి రోపు ముడిలో పెన్సిలు బిగిసి ఆగింది. గట్టిదాంట్లో స్కెచ్ పెన్ను హాయిగా దూరి అవతలికి పడింది.

ఇలా అన్నానని గట్టి రోపును పారేయక్కర్లేదు. బిగుతుగా అల్లిన షీత్ రాయికి ఒరుసుకుంటే తట్టుకుంటుంది, కోర్ మీద జారదు, దుమ్ము లోపలికి పోనివ్వదు. ఆ మొదటి రోపును ఇప్పుడు శిక్షణ రోజుల్లో ఫిక్స్‌డ్ లైన్‌గా వాడుతున్నాం. పొద్దున కడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, పదిమంది ఎక్కి దిగుతారు. అక్కడ దాని మొండితనమే మేలు. వీపు మీద వేసుకుని రెండు గంటలు నడవాల్సిన రోజున మాత్రం దాన్ని తీసుకెళ్ళను.

ఏడో అడుగు: చెయ్యి, పరికరం

మా ఊళ్ళో తాటిచెట్లెక్కే మామ మోకు చూసి చిన్నప్పుడు ఇంత లావెందుకని అడిగాను. "సన్నదైనా నన్ను మోస్తదిరా, కానీ నడుం కోస్తది" అన్నాడు. సన్న రోపు ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా ఆ మాటే గుర్తొస్తుంది. బలం సమస్య కాదు. 80 కిలోల మనిషి కదలకుండా వేలాడితే రోపు మీద పడేది 0.8 కిలోన్యూటన్. దిగుతూ కుదిపినా రెండు మూడింతలు. టైప్ బి ముడితో సహా 12 మోస్తుంది. సమస్య పట్టు. తొమ్మిది మి.మీ. ఒంటిపోగు మీద, రాపిడితో వేగాన్ని అదుపు చేసే ట్యూబ్ డిసెండర్‌తో దిగితే, పదిన్నర మీద అలవాటైన చెయ్యి మొదటి రెండు మీటర్లలోనే ఉలిక్కిపడుతుంది. పాత ఎనిమిది అంకె డిసెండర్‌తో అయితే చెప్పక్కర్లేదు.

మీ దగ్గరున్న పరికరాలన్నీ బల్ల మీద పరిచి వాటి మీద చెక్కిన మి.మీ. చూడండి. పెట్జెల్ కంపెనీవాళ్ళ గ్రిగ్రి (తాడును పట్టి ఆపే పరికరం) 8.5 నుంచి 11, మైక్రో ట్రాక్షన్ (తాడును వెనక్కి జారనివ్వని కప్పీ) 8 నుంచి 11, అసెన్షన్ జుమార్ 8 నుంచి 13. 10 దగ్గర మొదలయ్యే డిసెండర్లూ ఉన్నాయి, వాటిలో తొమ్మిది వేస్తే ఆగదు. పరిధి కింది అంచున ఉన్న రోపు కొత్తలో ఆగినా, తడిసినప్పుడో బురద పట్టినప్పుడో జారొచ్చు. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో, నిండు సంచి తగిలించుకుని వేలాడి చూడండి. కారబినర్ ఇంకోటి కలిపి ఘర్షణ పెంచితే ఎంత తేడా వస్తుందో కూడా అక్కడే చూసుకోండి. బ్యాకప్ కోసం రోపు చుట్టూ చుట్టే, బరువు పడితే బిగిసే ప్రూసిక్ తాడు రోపు కంటే కనీసం రెండు మి.మీ. సన్నగా ఉండాలి. పదిన్నర మీద 7 మి.మీ. తో అలవాటున్నవాళ్ళు తొమ్మిది మీద అదే వేస్తే పట్టక జారొచ్చు. 6 కి దిగండి, చుట్టు ఒకటి ఎక్కువ వేయండి.

జుమార్ పళ్ళ సంగతి: తాడును నొక్కి పట్టే పళ్ళున్న క్యామ్ మీద కుదుపు పడితే నాలుగు నుంచి ఆరు కిలోన్యూటన్ల మధ్యే షీత్ చిరగొచ్చు. షీత్ పల్చగా ఉన్న సన్న రోపు మీద ఆ లోపే. కాబట్టి జుమార్‌కీ యాంకర్‌కీ మధ్య తాడు ఎప్పుడూ వదులుగా ఉండకూడదు.

ఎనిమిదో అడుగు: మీ కొండ ఏ రాయి?

బెంగళూరు చుట్టూ మనం దిగేది ఎక్కువగా గ్రానైటే. రామనగర, సావనదుర్గ కొండల రాయిని భూగర్భ శాస్త్రంలో క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. రామనగరకి బ్రిటిష్ కాలంలో ఉన్న పేరు క్లోజ్‌పేట, ఆ పేరే రాయికీ మిగిలింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. స్ఫటికాలు పెద్దవి, అరచేత్తో రాస్తే ఆకురాయిలా తగులుతుంది. పై భాగం గుండ్రంగా నున్నగా కనిపించినా పొర ఊడిన చోట అంచు కత్తిలా ఉంటుంది.

సన్న రోపుకి అసలు పరీక్ష ఇక్కడే. సన్నది ఎక్కువ సాగుతుంది. 50 మీటర్లు వేలాడదీసి దాని మీద దిగుతుంటే మీ ప్రతి కదలికకీ పైన అంచు దగ్గర రోపు రంపంలా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. జుమార్‌తో ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. పదకొండు మి.మీ. రోపు షీత్‌లో నాలుగు పోగులు తెగితే ఇంకా చాలా మిగులుతుంది, తొమ్మిదికి ఆ వెసులుబాటు తక్కువ. అందుకే గ్రానైట్ మీదికైతే, రెండు సన్న రోపులు ఒకే బరువు ఉన్నప్పుడు షీత్ శాతం ఎక్కువున్నదాన్నే తీసుకుంటాను, అది కొంచెం గట్టిగా ఉన్నా సరే. 40 శాతం దగ్గరుంటే తృప్తి.

అంచుకి కాపు తప్పనిసరి. పాత జీన్సు ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి, పొడవునా చీల్చి, వెల్క్రో కుట్టించండి. టైలర్ వింతగా చూస్తాడు, ఏం పర్లేదు. రోపును అందులో పెట్టి మూసి, కాపు జారిపోకుండా చిన్న తాడుతో ఆ రోపుకే ప్రూసిక్ వేసి కట్టండి.

రామనగరలో రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం కిందికి వస్తుంది. ఏ కొండకైనా బరువు లెక్కలకంటే ముందు అటవీశాఖ అనుమతి సంగతి చూసుకోండి.

తొమ్మిదో అడుగు: రోపును కాదు, మొత్తం మూటను తూచండి

ఇక్కడే చాలా పోలికలు తప్పుతాయి. నా పదిన్నర 4.15 కిలోలు, తొమ్మిది 3.17. కిలో మిగిలిందని సంబరపడ్డాను. తర్వాత తొమ్మిదితో వెళ్ళే రోజు మూటలో అదనంగా ఏమేం చేరాయో విడిగా తూచాను: రెండు జీన్సు కాపులు 280 గ్రాములు, ఘర్షణ కోసం ఇంకో స్క్రూ కారబినర్ 85, తోలు చేతితొడుగులు 120. దాదాపు అరకిలో. అంటే మిగిలింది అరకిలో. నిజం చెప్పాలంటే కాపులు పదిన్నరకీ వాడాలి, మొన్నటిదాకా బద్ధకించేవాణ్ణి, అంతే.

అసలు ఆదా వచ్చేది ఒక రోపు దగ్గర కాదు, రెండు రోపులు కావాల్సిన రోజున. 50 మీటర్ల రాపెల్ ఉందనుకోండి. రెండు పదిన్నరలు కలిపి కడితే 8.3 కిలోలు, 23 లీటర్లు. రెండు మెత్తటి తొమ్మిదులు అయితే 6.3 కిలోలు, 16 లీటర్లు. ఒక తొమ్మిదీ, కిందికి లాగడానికి ఒక ఆరూ అయితే 4.6 కిలోలు, 11.5 లీటర్లు. అంటే ఒక్క లావు రోపు పట్టే చోటులో యాభై మీటర్లు దిగే ఏర్పాటు మొత్తం పట్టేస్తుంది. తొమ్మిదిని యాంకర్ రింగులోంచి పోనిచ్చి, ముడీ కారబినరూ కలిపి అడ్డు పెట్టి, ఆ ఒంటిపోగు మీదే దిగాలి. ఆరుతో లాగి తొమ్మిదిని కిందికి తెచ్చుకోవాలి.

దీనికో మూల్యం ఉంది. మూడు నెలల కిందట సావనదుర్గలో దిగాక ఆరును లాగుతుంటే, పైన ఎక్కడో పొరలో అడ్డు పెట్టిన ముడి ఇరుక్కుంది. మా చేతిలో ఉన్నది ఆరు మి.మీ. తాడు కొస, అసలు రోపేమో పైన. దాన్ని పట్టుకుని పైకెక్కే ధైర్యం ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. పక్కకి నలభై అడుగులు నడిచి వేరే కోణం నుంచి లాగితే, పావుగంటకి వదిలింది. రెండూ తొమ్మిదులై ఉంటే కనీసం చేతిలో ఉన్నది నమ్మదగ్గ రోపు అయ్యేది. పైగా ఆరు మి.మీ. తాడు గాలికి ఎగిరి తుమ్మకొమ్మల్లో చిక్కుకుంటే విప్పేసరికి ప్రాణం విసుగెత్తుతుంది. దాన్ని కిందికి విసరొద్దు. చిన్న సంచిలో పెట్టి నడుముకి తగిలించుకుని, దిగుతూ దానంతటదే వచ్చేలా వదలండి.

కాబట్టి ముడి ఇరుక్కునే పొరలూ పొదలూ ఉన్న దారిలో రెండు తొమ్మిదులు, నున్నటి పలక మీద తొమ్మిదీ ఆరూ, శిక్షణ రోజుకి పాత పదిన్నర. ఎనిమిదిన్నర కొందామా అని రెండేళ్ళుగా ఊగుతూనే ఉన్నాను. లెక్క ప్రకారం తొమ్మిది మీద 60 మీటర్లకి మిగిలేది 330 గ్రాములు. ఒక గుక్కెడు నీళ్ళ సీసా. నా గ్రిగ్రి పరిధి కింది అంచు దగ్గర నిలబడటానికి అది సరిపోయే లంచం కాదనిపిస్తోంది. మీ పరికరాలు వేరైతే మీ జవాబు వేరు కావొచ్చు.

నోటు పుస్తకంలో

ప్రతి రోపుకీ ఒక పేజీ పెట్టండి: కొన్న తేదీ, తయారీ ఏడాది, టైపు, తడిపాక పొడవు, తడిపాక మీటరుకి గ్రాములు, తడి బరువు, బకెట్ లీటర్లు, ముడిలో పెన్సిలా స్కెచ్ పెన్నా. దుకాణంవాళ్ళు వేసిన మధ్య గుర్తును నమ్మొద్దు. కుంచించుకున్నాక రెండు కొసలూ కలిపి మధ్యను మళ్ళీ చూసుకుని, రోపుకి పనికొచ్చే ఇంకుతోనే గుర్తు వేయండి. సన్న రోపుల కొసలు తొందరగా అరుగుతాయి. అరిగిన మూడు నాలుగు మీటర్లు కోసేస్తే కోసిన రోజునే కొసకి తెల్ల టేపు చుట్టి కొత్త పొడవు రాయండి. నాదిప్పుడు 55.2.